గొలుసుకు కందెన

ఎడ్లబండ్లు తిరిగిన దినములలో ప్రతి బండిక్రింద ఒక వెదురు గొట్టమో, చిన్న డబ్బాయో వ్రేలాడుచుండెడిది. అందులోనిది కందెన. వరిగడ్డి కాల్చిన మసిని ఆముదముతో రంగరించి, ఇరుసు కొనలకు దట్టముగా పూసి, చక్రము నెక్కించి, కడసీల బిగించి బండివాడు ప్రయాణమునకు లేచెడివాడు. కందెన అను మాట సుమతీ శతకములోనే ఉన్నది గనుక ఈ విద్య మనకు నిన్న మొన్నటిది కాదు. కీచుమని అరచు బండిని చూచి ఊరివారు నవ్వెడివారు. ఆ అరపు ఎద్దుల మెడకు భారమని ఎవరును వేరుగ చెప్పనక్కరలేకుండెను.

ఆ బండి నిలిచినచోట నేడు మోటారు సైకిలు నిలుచుచున్నది. దానికిని కందెన కావలెను. అయితే ఎడ్లబండికి ఇరుసు కొనలు రెండే. మోటారు సైకిలు వెనుక చక్రమును త్రిప్పు గొలుసునకు నూటికి పైబడిన కీళ్ళు కలవు. ప్రతి కీలును ఒక చిన్న ఇరుసే. ఆ ఇరుసునకు నూనెను చేర్చుట ఎట్లు? ఈ ప్రశ్నకు నూట నలుబది యేండ్లకు పైగా పలువురు పలువిధములుగ సమాధానములు చెప్పిరి. వానినే ఇచట తలచుకొనుచున్నాము.

గొలుసుతో చక్రమును త్రిప్పవచ్చునను ఊహ పాతదే. లియొనార్డో డా విన్చీ చిత్తు పుస్తకములలో అట్టి గొలుసుల బొమ్మలు కలవు. కాని నిత్యము బరువులాగి మన్నిన గొలుసు పందొమ్మిదవ శతాబ్దమునకు గాని రాలేదు. ఇంగ్లండులో జేమ్స్ స్లేటర్ అను నాతడు 1864లో ఒక గొలుసునకు పేటెంటు పొందెను. మాంచెస్టరును ఆనుకొనియున్న సాల్ఫర్డులో అతని చిన్న కార్ఖానా ఉండెడిది. స్విట్జర్లండులోని ఆరౌ పట్టణమున 1852లో పుట్టి, 1873లో మాంచెస్టరు చేరిన హాన్స్ రెనాల్డ్ 1879లో ఆ కార్ఖానాను కొనెను. మరుసటి యేడు, అనగా 1880లో, నేటికిని మన బండ్లపై తిరుగుచున్న గొలుసును అతడు కల్పించెను.

అతడు చేసినది చూచుటకు అల్పము. అంతకు ముందటి గొలుసులలో పలుచని రేకుల అంచులే పిన్నుమీద ఒరసికొనుచుండెడివి. బరువంతయు ఆ సన్నని అంచుపై పడుటచే పిన్ను కత్తితో కోసినట్లు అరిగిపోయెడిది. రెనాల్డ్ లోపలి రేకుల రెంటినడుమ ఒక చిన్న గొట్టమును, అనగా బుష్షును, బిగించెను. పిన్ను ఆ బుష్షులోపల ఇటునటు మెదలును. బుష్షుపైన రోలరు తిరుగును. రోలరు పోయి పళ్ళచక్రపు పంటిపై కూర్చుండును. సన్నని అంచుపై పడిన బరువు ఇప్పుడు బుష్షు నిడివియంతటను పరచుకొనెను. అరుగుదల ఎంతయో తగ్గెను.

మేలుతోపాటు ఒక చిక్కును వచ్చెను. మునుపు ఒరపిడి జరుగుచోటు కంటికి కనబడెడిది. చమురు చుక్క అక్కడ వేసిన చాలును. ఇప్పుడది బుష్షులోపల దాగినది. దానికి దారి లోపలి రేకునకును వెలుపలి రేకునకును మధ్యగల వెండ్రుకవాసి సందు మాత్రమే. గొలుసుపై కారుచు, నిగనిగలాడుచు ఎంత నూనె కనబడినను, ఆ సందు దాటి లోనికి పోనిది కీలునకు ఉపయోగపడదు. గొలుసును మన్నునట్లు చేసిన ఉపాయమే గొలుసునకు నూనె అందకుండ అడ్డుపడుచున్నది. తరువాతి చరిత్రయంతయు ఈ ఒక్క సందు చుట్టును తిరిగినది.

గొలుసు సాగినదని మనవారందురు. నిజమునకు ఇనుము సాగుట లేదు. ఒక్కొక్క కీలులో పిన్నును బుష్షును కలిసి మిల్లీమీటరులో పదవవంతు అరిగినవనుకొందము. కంటికి కనబడని అరుగుదల. కాని అర అంగుళము చొప్పున నూరు లింకులు గల గొలుసు పొడవు 1,270 మిల్లీమీటర్లు. అది ఇప్పుడు 10 మిల్లీమీటర్లు పెరుగును. లింకుల యెడము పళ్ళ యెడముతో పొసగదు. రోలర్లు పంటి మొదట కూర్చుండుటకు మారుగా కొనకు ఎగబ్రాకును. పళ్ళు కొక్కెములవలె వంగును. గొలుసు తప్పి చక్రమునకు అడ్డుపడినచో వెనుక చక్రము నడుచుచుండగనే బిగిసిపోవును. అప్పుడు బండిమీద భార్యయు బిడ్డయు ఉన్నవానికి జరుగునది ఊహించుటకే మనసొప్పదు.

రెనాల్డ్ గొలుసు వెలువడిన మూడేండ్లకు, నూనె అసలేమి చేయునో మానవుడు తొలిసారి స్పష్టముగ చూచెను. బోషం టవర్ అను ఇంజనీరు లండనులోని మెకానికల్ ఇంజనీర్ల సంస్థ పక్షమున రైలుబండి ఇరుసులపై పరీక్షలు చేయుచుండెను. 1883లో అతని తొలి నివేదిక వెలువడెను. ఇరుసుపై కూర్చున్న బేరింగు నడినెత్తిన నూనె పోయుటకు ఒక రంధ్రము తొలిపించగా, నూనె లోనికి దిగుటకు మారుగా పైకి ఉబికి వచ్చెను. బిరడా పెట్టిరి, అది ఊడివచ్చెను. కొయ్యమేకు కొట్టిరి, అదియు వెలికి జరిగెను. ఒత్తిడి కొలుచు సాధనము తగిలించి చూడగా, బేరింగు మోయుచున్న సగటు బరువునకు రెట్టింపు మించిన ఒత్తిడి అచట కనబడెను. ఇరుసు ఇనుముపై తిరుగుట లేదు, నూనెపై తేలుచున్నది! అప్పుడు మాంచెస్టరులోని ఓవెన్స్ కళాశాలలో ఆచార్యుడుగా నున్న ఆస్బర్న్ రేనాల్డ్స్ 1886లో ఈ వింతకు గణితమును కూర్చెను. తిరుగుచున్న ఇరుసు తానే నూనెను ఇరుకైన చోటికి ఈడ్చుకొనిపోయి, ఆ నూనెచే తన్ను తాను ఎత్తుకొనునని అతడు నిరూపించెను.

గొలుసు కీలునకు మాత్రము ఈ భాగ్యము లేదు. రైలు ఇరుసు ఆగక తిరుగును. గొలుసు పిన్ను అట్లు తిరుగదు. ముందు చక్రమునకు 14 పళ్ళున్నచో, దానిపైకెక్కునప్పుడు కీలు సుమారు 26 డిగ్రీలు వంగి ఆగును. దిగునప్పుడు మరల చాపుకొని ఆగును. 42 పళ్ళ వెనుక చక్రముపై ఆ వంపు 9 డిగ్రీలకు లోపే. కదలిక మొదలగుటయు ముగియుటయు ఒక్కటే. తేలుటకు వలసిన నూనెపొర ఏర్పడుటకు వ్యవధియే చాలదు. ఇట్టి చోట్ల లోహమును అంటిపట్టుకొనియుండు అణువుల పలుచని పొరయే కాపాడునని విలియం హార్డీ మున్నగువారు 1920 ప్రాంతములలో వివరించిరి. కావున గొలుసు నూనెకు రెండు గుణములు కావలెను. సందులోనికి ప్రాకునంత పలుచనై యుండవలెను. లోనికి పోయిన పిమ్మట పిన్నును వదలక, గిరగిర తిరుగుచున్నను చిమ్మిపోక పట్టుకొనునంత చిక్కనై యుండవలెను. ఈ రెండును ఒకదానికొకటి పొసగని గుణములు. గొలుసు నూనెలపై జరుగు వాదములన్నిటికి మూలమిదియే.

ఇక మోటారు సైకిలు మాట. అది మొదట గొలుసును నమ్మలేదు. 1885లో జర్మనీలో గాట్లీబ్ డైమ్లర్ కట్టిన రెండు చక్రముల బండికి ఉన్నది పట్టా. తరువాతి ఇరువదియేండ్లలో వచ్చిన పలు బండ్లకును తోలు పట్టాలే. పట్టాకు నూనె అక్కరలేదు, చప్పుడు లేదు, కుదుపు లేదు. కాని వాన కురిసిన జారును, మెట్టనెక్కునప్పుడు జారును. 1907లో ఐల్ ఆఫ్ మాన్ దీవిలో జరిగిన తొలి టి.టి. పందెమున గెలిచినవి పట్టా బండ్లే. 1911లో పందెపు దారిని కొండమీదికి మార్చిరి. ఆ యేటి పెద్ద పందెములో మొదటి మూడు స్థానములను గొలుసును, రెండు గేర్లును గల ఒకే కంపెనీ బండ్లు కైవసము చేసికొనెను. ఆ బండి పేరు ఇండియన్! మన దేశముతో దానికి సంబంధమేమియు లేదు; అది అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు నగరమున తయారైనది. ఏమైనను ఆ కొండదారిపై పట్టా ఓడినది. తరువాతి పది పదునైదేండ్లలో గొలుసు రాజ్యమేలెను.

గొలుసుతోపాటు కందెన చింతయు వచ్చెను. దానికి చక్కని సమాధానము సైకిళ్ళవారివద్ద అప్పటికే ఉండెను. ఇంగ్లండులోని వుల్వర్‌హాంప్టనులో జాన్ మార్‌స్టన్ అను వర్తకుడు రేకు వస్తువులకు నల్లని నిగారింపు పూత వేయు వ్యాపారము చేయుచు, సన్‌బీం అను పేర సైకిళ్ళను కూడ తయారుచేసెను. వానిలో గొలుసునంతయు ఒక రేకు పెట్టెలో మూసి, అడుగున కొంచెము నూనె పోసెడివారు. ‘లిటిల్ ఆయిల్ బాత్’, అనగా చిన్న నూనెస్నానమని దానికి ముద్దుపేరు. 1912లో సన్‌బీం మోటారు సైకిలు వచ్చినప్పుడు దాని గొలుసులును ఇట్లే పెట్టెలో మూయబడియుండెను. గొలుసు తిరిగినంతసేపు తడియుచునే యుండును, దుమ్ము చేరదు, బట్టలకు మరక అంటదు. మా అభిప్రాయములో ఇంతకు మించిన సమాధానము ఆ తరమువారికెవ్వరికిని తోచలేదు. అయినను అది నిలువలేదు. పెట్టెకు ఖర్చు, బరువు, చక్రమూడదీయవలసివచ్చినప్పుడు శ్రమ. పలు కంపెనీలు వెనుక గొలుసునకు మీదిరేకు ఒక్కటి ఉంచి తక్కినది విప్పివేసి, కొన్నవాని చేతికి ఒక నూనెడబ్బా ఇచ్చి ఊరకుండెను. కార్ఖానా చేయవలసిన పని అప్పటినుండి ఇంటి యజమాని పనియైనది.

యజమానులు ఏమి చేసిరి? తెలిసినవారు గొలుసును విప్పి, కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టి, గ్రాఫైటు కలిపిన గ్రీసు డబ్బాలో చుట్టగా చుట్టి పెట్టి, పొయ్యిమీద మెల్లగా కాచెడివారు. ఇంగ్లండులో లింక్‌లైఫ్ అను పేర ఇట్టి గ్రీసు వెడల్పాటి డబ్బాలలోనే అమ్ముడుపోయెడిది. వేడికి గ్రీసు కరగి పలుచనై సందులలోనికి దూరును. కీళ్ళలోని గాలి బుడగలుగా వెలికి వచ్చును. చల్లారిన పిమ్మట గ్రీసు లోపల గడ్డకట్టి నిలుచును. పలుచదనము, చిక్కదనము అను పొసగని రెండు గుణములను ఒకే పదార్థమున వేడిచేత సాధించిన ఈ ఉపాయము మాకెంతయు నచ్చినది. ఆముదములో మసి కలిపిన మన బండివాని కందెనకును గ్రాఫైటు గ్రీసునకును దూరపు చుట్టరికము లేకపోలేదు. మా చిన్నతనమున ఒక మేస్త్రీ పాత బిస్కత్తుల డబ్బాలో గొలుసును బొగ్గుల కుంపటిపై కాచుచుండగా ప్రక్కన కూర్చుండి చూచితిమి. బుడగలు ఆగువరకు కదలింపరాదనెడివాడు. ఇంటివారికి మాత్రము ఆ వాసన గిట్టెడిది కాదు. నిప్పంటుకొను ప్రమాదమును చిన్నది కాదు గనుక వంటింటిలో ఎవరును దీనిని ప్రయత్నింపరాదు.

ఆముదము మాట వచ్చినది గనుక మరియొక సంగతి. ఇంగ్లండులో చార్లెస్ వేక్‌ఫీల్డు 1899లో స్థాపించిన నూనెల కంపెనీ, ఆముదము కలిపిన ఇంజను నూనెను తయారుచేసి దానికి కాస్ట్రాల్ అని పేరు పెట్టినది. ఆంగ్లమున ఆముదమునకుగల పేరునుండియే ఆ పేరు పుట్టెను. ఆముదము లోహమును గట్టిగా అంటిపట్టుకొనును. వేడికి తొందరగా లొంగదు. అందుచే పందెపు బండ్ల ఇంజనులకు అది ప్రియమైనది. పాలమూరు, నల్లగొండ సీమల చెలకలలో చిరకాలముగా పండిన పంట ఇది. అయితే గొలుసునకు వట్టి ఆముదము పూయుడని మేము చెప్పజాలము. గాలి తగిలిన కొలది అది జిగురుకట్టును, దుమ్మును పట్టును. నాలుగు దినములకొకసారి తుడిచి మరల పూయు బండివానికి అది చెల్లినది.

మన దేశమునకు వచ్చునప్పటికి కథ మరియొక మలుపు తిరుగును. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ ఏర్పడి బులెట్ బండ్లను మన గడ్డపై తయారుచేయ మొదలిడెను. దాని వెనుక గొలుసు సాధారణముగా పైరేకు మాత్రమే కలిగి, క్రింద తెరచియుండెడిది. 1960 తరువాత మైసూరులో తయారైన జావా బండికిట్లు కాదు. చెకొస్లొవేకియా నమూనాననుసరించి గొలుసు పూర్తిగా మూతలో ఉండెడిది. ఆ దశకముననే వచ్చిన రాజ్‌దూత్‌కును, 1985లో వచ్చిన హీరో హోండా సి.డి. 100కును నిండు మూతలే. వీనిలో సన్‌బీం పెట్టెవలె నూనె మడుగు లేదు. ఉన్నది మూత మాత్రమే. అయినను మన ఎఱ్ఱమట్టి దారులలో ఆ మూత చేసిన మేలు తక్కువది కాదు. ఇసుకయు నూనెయు కలిసినచో సానరాతి ముద్దయగును. ఆ ముద్ద కీలును అరుగదీయు వేగము వట్టి తుప్పునకు లేదు. చీరచెంగు గొలుసులో పడకుండ కాచినదియు ఆ మూతయే. వేగమునకు పేరుపడిన బండ్లలో నేడు ఆ మూత లేదు. గొలుసు కనబడుట అందమని కాబోలు. మేము ఆ అందమును మెచ్చజాలకున్నాము.

గుఱ్ఱపు బలము పెరిగినకొలది పాత పద్ధతులు చాలలేదు. 1969లో జపానునుండి వెలువడిన హోండా సి.బి. 750 బండిలో, ముందు పళ్ళచక్రపు ఇరుసునుండియే గొలుసుపై నూనె కొద్దికొద్దిగా చిమ్ము ఏర్పాటు ఉండెను. అది గొలుసును తడిపినది, చక్రమును, వెనుక కూర్చున్నవాని లాగును కూడ తడిపినది. అసలైన మార్పు 1971లో అమెరికాలోని హార్ట్‌ఫర్డు నగరపు గొలుసుల కంపెనీ ఒకటి తెచ్చినది. కార్ఖానాలోనే ప్రతి కీలులోను గ్రీసు నింపి, లోపలి రేకునకును వెలుపలి రేకునకును నడుమ సన్నని రబ్బరు ఉంగరమును ఒత్తి బిగించిరి. ఎవ్వరును నూనెను సరిగా చేర్చలేకపోయిన ఆ వెండ్రుకవాసి సందును తుదకు మూసివేసిరన్నమాట! బయటి నూనె లోనికి పోనక్కరలేదు; లోపలి గ్రీసు బయటికి రాదు. ఓ-రింగు గొలుసు అని వ్యవహారములో అందురు.

కావున నూనె కొనుటకు ముందు యజమాని తెలిసికొనవలసినది, తన గొలుసు ఏ జాతిది అని. రేకుల నడుమ నల్లని రబ్బరు ఉంగరములు కనబడినచో లోపలి ఇరుసు చింత అతనికి లేదు. పైని నూనె రోలర్లకును, పళ్ళకును, తుప్పు పట్టకుండుటకును, ఉంగరములు ఎండి పగులకుండుటకును మాత్రమే. ఉంగరములు లేని గొలుసైనచో నూనె లోనికి పోవలసినదే, అదియు తరచుగా పోవలసినదే. రెంటికిని 80-90 జాతి గేరు నూనె తగినది, చవుక, ఎచటనైనను దొరకును. చిమ్మునను మాట నిజమే. కొంచెమే వేసి తుడిచినచో అంతగా చిమ్మదు. పిచికారీ డబ్బాలలో వచ్చు మందులు పలుచని ద్రావకముతో లోనికి ప్రాకి, ద్రావకము ఆరిన పిమ్మట చిక్కబడును. పాతకాలపు కుంపటి చేసిన పనిని ఇప్పుడు ద్రావకము చేయుచున్నది. ఆరుటకు వ్యవధి ఇయ్యక వెంటనే బండి నడిపినవాడు డబ్బు గాలికి చిమ్మినవాడగును. డబ్ల్యు.డి. 40 అను ప్రసిద్ధమైన డబ్బా 1953లో అమెరికాలో తేమను తొలగించుటకై కనిపెట్టబడినది. ఆ పేరులోని రెండక్షరముల అర్థమే అది. తేమ తొలగించుటకు వాడవచ్చును. గొలుసునకు అదియొక్కటే చాలునను నమ్మకము తగదు. ఇక ఇంజనునుండి తీసిన నల్లని పాత నూనెను గొలుసుపై పోయు అలవాటు మన ఊళ్ళలో బహుళముగ ఉన్నది. మేమును చేసినవారమే. అందులో ఇంజను అరిగిన ఇనుపరజను కూడ ఉండునని తెలిసిన పిమ్మట మానితిమి.

కడుగుటకు కిరసనాయిలు మంచిది. పెట్రోలు రబ్బరు ఉంగరములను పాడుచేయును, మంటకును దగ్గర. ఇనుప తీగల బ్రష్షు ఉంగరములను కోయును. మెత్తని బ్రష్షే వాడవలెను. నూనె వేయుటకు తగిన సమయము ప్రయాణమునకు ముందు కాదు, తరువాత. అప్పుడు గొలుసు వెచ్చగా ఉండును, నూనె సులభముగ ప్రాకును, రాత్రియంతయు నానును. నూనెను గొలుసు పైవరుస మీద కాదు, క్రిందివరుస లోపలిప్రక్కన వేయవలెను. చక్రము తిరిగినప్పుడు నూనె లోపలనుండి వెలికి పోజూచును గనుక దారిలో కీళ్ళను తడుపుకొనుచు పోవును. వెలుపల పూసినది నేరుగా గోడకు చేరును. ఏడెనిమిది వందల కిలోమీటర్లకు ఒకసారి, వానలో తడిసిన ప్రతిసారి ఈ పని చేయదగును.

ఇవన్నియు తప్పినను పోవునది గొలుసు. ఒక్కటి తప్పిన పోవునది వేలు. మేము చెప్పిన మేస్త్రీకి కుడిచేతి చూపుడువ్రేలు కొన లేకుండెను. కొలిమిలో కాలినదని అనుకొంటిమి. అడుగగా నవ్వి ఊరకుండెను. చాల యేండ్ల పిమ్మట ఆయనయే చెప్పెను. బండిని స్టాండు వేసి, ఇంజను నడిపించి, గేరులో ఉంచి, తిరుగుచున్న గొలుసునకు గుడ్డతో నూనె పట్టించుచుండగా గుడ్డ కొన పళ్ళకు చిక్కినదట. చేయి వెనుకకు తీయుటకు ఊపిరి పట్టునంత వ్యవధియైనను లేకపోయెనట. నేటికిని ఈ పని ఇట్లే చేయువారిని వీధివీధినా చూచుచున్నాము. చేతితో చక్రము త్రిప్పుట ఆలస్యమని వారి మాట. ఇంజను ఆపి, తాళపుచెవి తీసి జేబులో వేసికొని, గేరు లేకుండ చేసి, చక్రమును చేతితో మెల్లగ త్రిప్పుచు కీలుకొక చుక్క చొప్పున వేసినను పని పది నిమిషములకు మించదు. చక్రమును త్రిప్పు చేయి టైరును పట్టుకొనవలెను. గొలుసును గాని పళ్ళచక్రమును గాని తాకరాదు. ఒక సుద్దముక్కతో మొదటి లింకుపై గుర్తు పెట్టుకొన్నచో చుట్టు తిరిగివచ్చినది తెలియును. మరునాటి ఉదయము పైకి వచ్చిన నూనెను పొడిగుడ్డతో తుడిచి, టైరుపై చుక్క పడలేదుకదా అని చూచుకొని, అప్పుడు తాళము పెట్టవచ్చును.